ఫీజు వేరు, బీమా వేరు: అమెరికా యూనివర్సిటీల్లో విద్యార్థి ఆరోగ్యానికి ఏమేం ఉన్నాయి, ఏది ఎప్పుడు అక్కరకొస్తుంది

అమెరికాలో ఎంఎస్‌లో చేరినవాళ్ల మొదటి సెమిస్టర్ బిల్లులో ట్యూషన్ కింద రెండు వరుసలు ఉంటాయి. ఒకటి స్టూడెంట్ హెల్త్ ఫీ, రెండోది స్టూడెంట్ హెల్త్ ఇన్సూరెన్స్. ఒకే పనికి రెండుసార్లు డబ్బు గుంజుతున్నారని చాలామంది అనుకుంటారు. నిజానికి ఈ రెండూ వేర్వేరు పనులకు. వీటితోపాటు బిల్లులో ఎక్కడా కనిపించని మూడోది ఉంది. జబ్బు చేసినప్పుడు కోర్సు తగ్గించుకోవడానికి, పరీక్షలో అదనపు సమయం అడగడానికి, చెప్పిన మాట బయటకు పొక్కకుండా ఉండడానికి చట్టం ఇచ్చిన వెసులుబాట్లు అవి.

ఏర్పాట్లు లేక నష్టపోయేవాళ్లు తక్కువ. వాటిని వాడుకునే వరుస తప్పి నష్టపోయేవాళ్లే ఎక్కువ. రెఫరల్ (స్పెషలిస్టు దగ్గరికి పంపుతూ హెల్త్ సెంటర్ ఇచ్చే కాగితం) తీసుకోకుండా స్పెషలిస్టు దగ్గరికి వెళ్లి బిల్లు నెత్తిన వేసుకుంటారు. డీఎస్ఓను, అంటే విదేశీ విద్యార్థుల వీసా రికార్డులు చూసే యూనివర్సిటీ అధికారిని, అడక్కుండా కోర్సు వదిలేసి వీసా స్టేటస్ పోగొట్టుకుంటారు. పరీక్ష తప్పాక వెళ్లి అదనపు సమయం అడుగుతారు. అందుకే ఈ వ్యాసంలో ఏముందన్న దానికన్నా ఏది ముందు, ఏది తర్వాత అన్నదానికే ఎక్కువ చోటిచ్చాం.

హెల్త్ ఫీ దేనికి, ఇన్సూరెన్స్ దేనికి

హెల్త్ ఫీ క్యాంపస్ లోపలి సేవలకు. ఇది కట్టినవాళ్లు స్టూడెంట్ హెల్త్ సెంటర్లో డాక్టర్‌నో నర్స్ ప్రాక్టీషనర్‌నో (పరీక్షించి మందులు రాసే అర్హత ఉన్న నర్సు) ఉచితంగా, లేదంటే కొద్దిపాటి డబ్బుతో కలవొచ్చు. కౌన్సెలింగ్ సెంటర్ కూడా చాలాచోట్ల ఈ డబ్బుతోనే నడుస్తుంది, కాబట్టి అక్కడ సెషన్‌కు విడిగా ఏమీ తీసుకోరు. బయటి బీమా చూపించి ఇన్సూరెన్స్ వద్దనిపించుకున్నా ఈ ఫీజు మాత్రం తప్పదు. అంటే యూనివర్సిటీ బీమా లేనివాళ్లు కూడా క్యాంపస్ క్లినిక్‌కు వెళ్లొచ్చు. ఈ సంగతి తెలియక జ్వరంతో గదిలోనే పడుకునేవాళ్లు ఉన్నారు.

ఇన్సూరెన్స్ పని క్యాంపస్ దాటాక మొదలవుతుంది. ఆసుపత్రి, ఆపరేషన్, ఎంఆర్ఐ, బయటి సైకియాట్రిస్టు, మందుల షాపు ఖర్చులు దాని కిందికి వస్తాయి. క్యాంపస్ క్లినిక్‌లో రక్తపరీక్షకు, ఎక్స్‌రేకు అయ్యే ఖర్చు కూడా చాలాచోట్ల దీనిమీదికే వెళ్తుంది. కన్సల్టేషన్ ఉచితమని వెళ్లినవాళ్లకు తర్వాత ల్యాబ్ బిల్లు రావడం అందుకే.

పళ్ల వైద్యం, మామూలు కంటి పరీక్షలు పెద్దవాళ్లకు హెల్త్ ప్లాన్‌లోకి సాధారణంగా రావు. విడిగా కొనాలి. రూట్ కెనాల్ పనేదైనా ఉంటే విమానం ఎక్కకముందే ఇక్కడ చేయించుకోవడం తెలివైన పని.

చేరకముందే ఎదురయ్యేవి: టీకాలు, టీబీ పరీక్ష

టీకాల కాగితాలు సరిగా లేకపోతే రిజిస్ట్రేషన్‌కు హోల్డ్ పెడతారు. అందరూ అడిగేది ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండు డోసులు. రెండింటి మధ్య కనీసం 28 రోజులు ఉండాలి కాబట్టి ప్రయాణానికి వారం ముందు గుర్తొస్తే లాభం లేదు. చిన్నప్పటి టీకాల కార్డు పోయినవాళ్లు యాంటీబాడీల రక్తపరీక్ష రిపోర్టు చూపినా చాలా యూనివర్సిటీలు ఒప్పుకుంటాయి. టెక్సాస్‌లో 22 ఏళ్లలోపు కొత్త విద్యార్థులు మెనింజైటిస్ టీకా కూడా వేయించుకోవాలి, అదీ క్లాసులు మొదలవడానికి కనీసం పది రోజుల ముందు. బీటెక్ తర్వాత వెళ్లేవాళ్లలో కొందరు ఈ వయసు గీతకు అటూ ఇటూగా ఉంటారు. పుట్టినతేదీ చూసుకోవాలి.

టీబీ పరీక్ష దగ్గర మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. మన దేశంలో పుట్టగానే బీసీజీ వేస్తారు. ఆ టీకా వల్ల చర్మం మీద చేసే టీబీ పరీక్ష లేనిపోని పాజిటివ్ చూపించవచ్చు. బీసీజీ ప్రభావం పడని రక్తపరీక్ష ఒకటుంది, పేరు ఇగ్రా. దాన్ని చేయమని అడగాలి. అదీ పాజిటివ్ వస్తే ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఎక్స్‌రేలో ఏమీ లేకపోతే అది నిద్రాణ టీబీ, ఇంకొకరికి అంటదు. వీసా పోతుందని బెంబేలెత్తాల్సిన పని లేదు. మూడు నాలుగు నెలల మందుల కోర్సు సూచిస్తారు, అంతే.

యూనివర్సిటీ ప్లానా, బయట దొరికే చౌక ప్లానా

ఏటా ఆగస్టులో వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కువ వాదన నడిచేది దీనిమీదే. ముందు చట్టం సంగతి. జే-1 వీసా (ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాముల వీసా) వాళ్లకు బీమాను అమెరికా ప్రభుత్వమే తప్పనిసరి చేసింది. ఒక్కో జబ్బుకు లేదా ప్రమాదానికి కనీసం లక్ష డాలర్ల కవరేజీ, డిడక్టిబుల్ (అర్థం కింద ఉంది) 500 డాలర్లకు మించకూడదు వంటి షరతులూ పెట్టింది. ఎంఎస్‌కు వెళ్లేవాళ్లలో ఎక్కువమందికి ఉండే ఎఫ్-1 విద్యార్థి వీసాకు అలాంటి కేంద్ర నిబంధన లేదు. అక్కడ నిర్ణయం యూనివర్సిటీది, మసాచుసెట్స్ వంటి చోట్ల రాష్ట్ర చట్టానిది. కొన్ని యూనివర్సిటీలు విదేశీ విద్యార్థులకు తమ ప్లాన్ తప్ప ఇంకోటి ఒప్పుకోవు. కొన్ని సమానమైన బీమా చూపిస్తే మినహాయింపు ఇస్తాయి. దాన్నే వేవర్ అంటారు.

వాదన అర్థం కావాలంటే నాలుగు మాటలు తెలియాలి. ప్రీమియం అంటే జబ్బు చేసినా చేయకున్నా కట్టేది. డిడక్టిబుల్ అంటే బీమా కంపెనీ చెయ్యి వేయకముందు మన జేబులోంచి పోయే మొదటి మొత్తం. కోఇన్సూరెన్స్ అంటే ఆ తర్వాతి ఖర్చులో మన వాటా శాతం. అవుట్ ఆఫ్ పాకెట్ మాగ్జిమమ్ అంటే ఏడాదికి మన వాటా దాటకూడని గరిష్ఠం, ఆపైన నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో, అంటే బీమా కంపెనీతో ఒప్పందమున్నవాటిలో, అంతా కంపెనీదే. డాక్టర్ దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ కట్టే చిన్న మొత్తాన్ని కోపే అంటారు, అది వేరు.

ఇప్పుడు రెండు ఊహా ప్లాన్లు తీసుకుని లెక్క వేద్దాం. యూనివర్సిటీ ప్లాన్‌కు ఏడాది ప్రీమియం 3,000 డాలర్లు, డిడక్టిబుల్ 500, మన వాటా 20 శాతం, గరిష్ఠం 4,000. కంపెనీ చెల్లించేదానికి పైపరిమితి లేదు. బయటి ప్లాన్‌కు ప్రీమియం 900, డిడక్టిబుల్ 250, వాటా 20 శాతమే. కానీ ఒక జబ్బుకు కంపెనీ ఇచ్చేది 50,000 డాలర్ల వరకే, మన వాటాకు గరిష్ఠం అంటూ లేదు.

ఏడాదంతా ఏ జబ్బూ రాకపోతే బయటి ప్లాన్‌తో 2,100 డాలర్లు మిగులుతాయి. అపెండిక్స్ ఆపరేషన్ జరిగి 25,000 బిల్లయిందనుకుందాం. యూనివర్సిటీ ప్లాన్‌లో మన వాటా 500, మిగిలిన 24,500లో 20 శాతం 4,900, మొత్తం 5,400. గరిష్ఠం 4,000 కాబట్టి అక్కడితో ఆగుతుంది. ప్రీమియంతో కలిపి 7,000. బయటి ప్లాన్‌లో 250, మిగిలిన 24,750లో 20 శాతం 4,950, మొత్తం 5,200. ప్రీమియంతో కలిపి 6,100. అంటే అపెండిక్స్ దాకా చౌక ప్లానే గెలుస్తోంది! దాన్ని సమర్థించేవాళ్లు గాలిమాటలు చెప్పడం లేదు.

ఇన్ఫెక్షన్ ముదిరి రెండు వారాలు ఐసీయూలో ఉండి 1,80,000 డాలర్ల బిల్లయితే లెక్క తిరగబడుతుంది. యూనివర్సిటీ ప్లాన్‌లో అప్పుడూ అదే 4,000, ప్రీమియంతో 7,000. బయటి ప్లాన్ 50,000 ఇచ్చి చేతులు దులుపుకుంటుంది. మిగిలిన 1,30,000 విద్యార్థి నెత్తిన పడుతుంది. ఇది అరుదే. అయితే బీమా కొనేదే ఆ అరుదైన రోజుకోసం కదా.

తేడా ఇక్కడితో అయిపోదు. బీమా కంపెనీల ద్వారా యూనివర్సిటీలు ఇచ్చే ప్లాన్లు అఫర్డబుల్ కేర్ యాక్ట్ అనే ఆరోగ్య బీమా చట్టం కిందికి వస్తాయి. పాత జబ్బు ఉందని కాదనడానికి వీల్లేదు, మానసిక చికిత్సను తప్పించడానికీ వీల్లేదు. ట్రావెల్, షార్ట్ టర్మ్ ప్లాన్లకు ఆ కట్టుబాటు లేదు. ఉబ్బసం, థైరాయిడ్, డిప్రెషన్ మందులు ముందునుంచీ వాడుతున్నవాళ్లు చౌక ప్లాన్ తీసుకునేముందు ‘ప్రీ ఎగ్జిస్టింగ్’, ‘ఎక్స్‌క్లూజన్స్’ అన్న రెండు భాగాలు చదివితే చాలు, నిర్ణయం దానంతటదే అయిపోతుంది. కొన్ని పెద్ద యూనివర్సిటీలు బీమా కంపెనీ లేకుండా సొంత నిధితో ప్లాన్ నడుపుతాయి. వాటికి ఈ చట్టం అన్నివిధాలా వర్తించకపోవచ్చు కాబట్టి పైపరిమితి ఉందేమో చూసుకోవాలి.

వేవర్‌కు గడువు సెమిస్టర్ మొదలైన కొద్ది వారాలే. బయటి ప్లాన్ ముందు కొనేసి వేవర్ తర్వాత అడిగితే, తిరస్కరించినప్పుడు రెండు ప్రీమియాలూ కట్టాల్సి వస్తుంది. యూనివర్సిటీ షరతుల జాబితా ముందు చూసి, దాన్నిబట్టి ప్లాన్ ఎంచుకోవాలి.

ఎప్పుడు ఎక్కడికి వెళ్లాలి

జ్వరం, గొంతునొప్పి, దద్దుర్లు, పాత మందుల చీటీ కొనసాగింపు వంటివాటికి హెల్త్ సెంటర్. రాత్రిపూట మూసి ఉంటే చాలా సెంటర్లకు నర్స్ లైన్ ఉంటుంది. ఫోన్లోనే లక్షణాలు విని ఇప్పుడు వెళ్లాలా, పొద్దున దాకా ఆగొచ్చా అన్నది చెబుతారు. కాలు బెణికితే, కుట్లు పడాల్సి వస్తే అర్జెంట్ కేర్ (ప్రాణాపాయం లేని తక్షణ అవసరాలకు బయటి క్లినిక్). ఛాతీనొప్పి, ఊపిరాడకపోవడం, తలకు గట్టి దెబ్బ, స్పృహ తప్పడం ఉంటే 911, ఎమర్జెన్సీ. అక్కడ డబ్బు ఆలోచన రెండోది. 1986 నాటి చట్టం ప్రకారం బీమా ఉన్నా లేకున్నా ఎమర్జెన్సీ విభాగం పరీక్షించి పరిస్థితిని నిలకడకు తేవాల్సిందే. ఉచితమని కాదు, బిల్లు తర్వాత వస్తుంది.

రెఫరల్ అన్నది చాలామందిని ముంచే మెలిక. కొన్ని యూనివర్సిటీ ప్లాన్లలో చర్మం డాక్టర్‌నో ఎముకల డాక్టర్‌నో కలవాలంటే ముందు హెల్త్ సెంటర్ కాగితం ఇవ్వాలి. లేకపోతే క్లెయిమ్ తిరస్కరిస్తారు లేదా వాటా పెంచుతారు. ఎమర్జెన్సీకి, క్యాంపస్‌కు దూరంగా ఉన్నప్పుడు దీనికి మినహాయింపు ఉంటుంది.

నెట్‌వర్క్‌లో లేని ఎమర్జెన్సీకి తీసుకెళ్లారనుకోండి. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ యాక్ట్ వల్ల నెట్‌వర్క్ వాటాకు మించి వసూలు చేయకూడదు. రెండు చోట్ల ఈ రక్షణ లేదు. రోడ్డు మీద వెళ్లే అంబులెన్సు దీనిలోకి రాదు. షార్ట్ టర్మ్, ట్రావెల్ ప్లాన్లు ఉన్నవాళ్లకూ రాదు.

ఇక మందులు. ఇండియా నుంచి వెళ్లేటప్పుడు మూడు నెలలకు మించకుండా, అసలు ప్యాకింగ్‌లో, జెనరిక్ పేరుతో డాక్టర్ చీటీ పెట్టుకుని తీసుకెళ్లడం సురక్షితం. అయిపోయాక కొరియర్లో పంపించుకుందామంటే కస్టమ్స్‌లో ఆగిపోవచ్చు. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని సమస్య) మందులు, కొడీన్ ఉన్న దగ్గుమందులు అక్కడ గట్టి నియంత్రణలో ఉన్నవి. వాటిని వాడేవాళ్లు అక్కడి డాక్టర్ దగ్గర ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి.

కౌన్సెలింగ్ సెంటర్లో మొదటి రోజు ఏం జరుగుతుంది

ముందు ఒక ప్రశ్నావళి ఇస్తారు. క్లినిక్‌ల్లో ఎక్కువగా వాడేది పీహెచ్‌క్యూ-9. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు. నిద్ర, ఆకలి, ఏకాగ్రత, దేనిమీదా ఆసక్తి లేకపోవడం వంటివి అడుగుతారు. మొత్తం 27లో 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డిప్రెషన్ గురించి లోతుగా మాట్లాడతారు. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండుననో, తనకు తాను హాని చేసుకోవాలనో ఆలోచనలు వచ్చాయా అని. ఇది అందరినీ అడిగేదే. ‘అవును’ అంటే పోలీసులు వస్తారని, వీసా పోతుందని భయపడి సున్నా పెట్టేవాళ్లున్నారు. ఆలోచన రావడం వేరు, ఎలా ఎప్పుడు అని పథకం వేసుకుని ఉండడం వేరు. కౌన్సెలర్లు ఆ తేడానే అడిగి తెలుసుకుంటారు. మొదటి పరిస్థితిలో మాట్లాడి, సురక్షితంగా ఉండడానికి ఏం చేయాలో కలిసి రాసుకుంటారు. ఆసుపత్రి మాట వచ్చేది ప్రమాదం దగ్గర్లోనే ఉందనిపించినప్పుడు.

తర్వాత ఇరవై ముప్పై నిమిషాల మాటలతో ఎవరికి ఏది సరిపోతుందో తేలుస్తారు. ఒకరికి గ్రూప్ థెరపీ, ఒకరికి విడిగా సెషన్లు, ఒకరికి సైకియాట్రిస్టు. చాలా సెంటర్లు విడి సెషన్లకు ఏడాదికి ఇన్ని అని పరిమితి పెడతాయి, లేదా పరిమితి చెప్పకుండానే స్వల్పకాలానికే అంటాయి. గ్రూపులకు సాధారణంగా ఆ పరిమితి ఉండదు.

ఈ పద్ధతి మీద వాదనలు రెండు వైపులా ఉన్నాయి. సెంటర్లు చెప్పేదేమిటంటే, ఉన్న పదిమంది కౌన్సెలర్లతో కొందరికి ఏడాదంతా ఇస్తే మిగిలినవాళ్లు నెలల తరబడి వరుసలో ఉండాలి, మిడ్‌టర్మ్ ఒత్తిడిలో ఉన్నవాడికి నాలుగు సెషన్లు ఇప్పుడు దొరకడమే మేలు. విమర్శకుల మాట వేరు. బాగా అవసరమున్నవాళ్లనే బయటకు పంపుతున్నారని, పంపినవాళ్లలో చాలామంది బయటి థెరపిస్టు దాకా చేరనే చేరరని. కారు లేని, కోపే భరించలేని విదేశీ విద్యార్థి విషయంలో ఈ రెండో మాటకు బరువెక్కువ. అందుకే మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న: ‘పరిమితి అయిపోయాక నన్ను ఎవరికి అప్పగిస్తారు, వాళ్లు నా బీమా తీసుకుంటారా?’ కొన్ని సెంటర్లలో ఈ పనికే కేస్ మేనేజర్ ఉంటారు. తెలుగు మాట్లాడే థెరపిస్టు కావాలంటే సైకాలజీ టుడే డైరెక్టరీలో భాషను బట్టి వెదకొచ్చు. ఆ రాష్ట్రంలో లైసెన్సు ఉన్నవాళ్లు అయి ఉండాలి.

ఆ లైసెన్సు నిబంధన ఇంకో రకంగానూ తగులుతుంది. థెరపిస్టుకు ఏ రాష్ట్రంలో లైసెన్సు ఉంటే ఆ రాష్ట్రంలో విద్యార్థి ఉన్నప్పుడే సెషన్ జరగాలి. వేసవిలో వేరే రాష్ట్రానికి ఇంటర్న్‌షిప్‌కు వెళ్లినా, ఇంటికి వచ్చినా జూమ్‌లో కొనసాగించడం కుదరకపోవచ్చు. ఈ ఖాళీ పూడ్చడానికే చాలా యూనివర్సిటీలు ఆన్‌లైన్‌లో కౌన్సెలింగ్ ఇచ్చే టైమ్లీకేర్ వంటి సంస్థలతో ఒప్పందాలు పెట్టుకున్నాయి.

అర్ధరాత్రి మనసు అదుపు తప్పినప్పుడు ఆత్మహత్య, మానసిక సంక్షోభ సహాయ నంబరు 988కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పంపొచ్చు. 2022 జూలై నుంచి అమెరికా అంతటా ఒకటే నంబరు. ఫోన్లో దుబాసీని కూడా అడగొచ్చు.

ఎవరికి చెబితే ఎవరికి తెలుస్తుంది

గుంటూరు నుంచి ఒక తల్లి కౌన్సెలింగ్ సెంటర్‌కు ఫోన్ చేసి ‘మా అబ్బాయి మీ దగ్గరికి వస్తున్నాడా’ అని అడిగితే, అవుననీ కాదనీ చెప్పరు. 18 దాటిన విద్యార్థి సంతకం లేకుండా చెప్పడానికి వీల్లేదు. కానీ ఆమె చెప్పేది వినడానికి అడ్డం లేదు. పిల్లవాడు రెండు రోజులుగా ఫోన్ ఎత్తడం లేదంటే చేయాల్సిన ఫోన్ అది కాదు. క్యాంపస్ పోలీసుకు చేసి ‘వెల్ఫేర్ చెక్’, అంటే గదికి వెళ్లి క్షేమంగా ఉన్నాడో చూడమని, అడగాలి. ఇండియా నుంచి 911 గానీ 988 గానీ కలవవు. ప్లస్ వన్‌తో మొదలయ్యే పూర్తి నంబరు కావాలి. పిల్లలు వెళ్లిన వారంలోనే క్యాంపస్ పోలీసు, డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసు నంబర్లు, గది చిరునామా రాసి పెట్టుకోవాల్సింది తల్లిదండ్రులే. పచ్చళ్ల ప్యాకింగ్‌కు పెట్టే శ్రద్ధలో పదోవంతు చాలు దీనికి. ఆ దిగులు తమను తినేస్తుంటే ఇక్కడ మన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

క్యాంపస్ క్లినిక్ రికార్డులకు సాధారణంగా వర్తించేది ఫెర్పా అనే విద్యారికార్డుల చట్టం. బయటి ఆసుపత్రికి హిపా అనే వైద్య గోప్యత చట్టం. రెంటిలోనూ మినహాయింపులు ఉన్నాయి. ప్రాణాపాయం, పిల్లలపై హింస, కోర్టు ఉత్తర్వు వంటి సందర్భాల్లో చెప్పొచ్చు. కౌన్సెలింగ్‌కు వెళ్లారన్న సంగతి మాత్రం మామూలుగా డీఎస్ఓకు వెళ్లదు. విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్ సెవిస్‌లో నమోదు చేయడానికి అలాంటి గడీ ఏదీ లేదు.

ప్రొఫెసర్‌కు చెప్పడం, కౌన్సెలర్‌కు చెప్పడం ఒకటి కాదు. లైంగిక వేధింపుల విషయమైతే చాలా యూనివర్సిటీల్లో అధ్యాపకులు విన్నవెంటనే టైటిల్ నైన్ ఆఫీసుకు (లింగ వివక్ష, లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసేది) తెలపాలి. మనవాళ్లలో టీచింగ్ అసిస్టెంట్లు ఎక్కువ. ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లకూ అనేక చోట్ల ఇదే బాధ్యత ఉంటుంది. అంటే రూమ్‌మేట్ నమ్మి చెప్పింది రిపోర్టు చేయాలా వద్దా అన్న ప్రశ్న ఎదురుకావొచ్చు. ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చే శిక్షణలో ఈ సంగతి ఉంటుంది, చాలామంది క్లిక్ చేసి దాటేస్తారు. గోప్యంగానే ఉండాలనుకున్న విషయానికి కౌన్సెలింగ్ సెంటర్, హెల్త్ సెంటర్, బాధితుల సహాయ కేంద్రం సరైన చోట్లు.

జబ్బుతో కోర్సులు తగ్గించుకోవడం: వరుస తప్పితే వీసాకే ఎసరు

ఎఫ్-1 విద్యార్థి ప్రతి ప్రధాన సెమిస్టర్‌లో పూర్తికాలం చదవాలి. ఎంఎస్‌లో సాధారణంగా 9 క్రెడిట్లు. జబ్బు చేస్తే దీనికి సడలింపు ఉంది, పేరు రెడ్యూస్డ్ కోర్స్ లోడ్. ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల దాకా వాడుకోవచ్చు. అవసరమైతే సున్నా క్రెడిట్లకూ అనుమతి ఉంటుంది. ప్రతి సెమిస్టర్‌కూ మళ్లీ తీసుకోవాలి.

ఇద్దరు విద్యార్థులను పోల్చి చూద్దాం. ఇద్దరికీ అక్టోబరులో డిప్రెషన్ ముదిరింది, ఇద్దరూ 9 క్రెడిట్లలో 3 వదిలేయాలి. మొదటి విద్యార్థి శుక్రవారం పోర్టల్లో కోర్సు డ్రాప్ చేసి, సోమవారం డాక్టర్ ఉత్తరంతో డీఎస్ఓ దగ్గరికి వెళ్లాడు. రెండో విద్యార్థి ముందు ఉత్తరం తెచ్చి, డీఎస్ఓ సెవిస్‌లో అనుమతి నమోదు చేశాక, కొత్త ఐ-20 (వీసా స్టేటస్‌కు ఆధారంగా యూనివర్సిటీ ఇచ్చే పత్రం) చేతికొచ్చాక డ్రాప్ చేసింది. జబ్బు ఒకటే, కాగితం ఒకటే. మొదటివాడు మాత్రం అనుమతి లేకుండా పూర్తికాలం కన్నా తగ్గాడు, అది స్టేటస్ ఉల్లంఘన. మళ్లీ స్టేటస్ తెచ్చుకోవాలంటే ఐ-539 దరఖాస్తు, నెలల నిరీక్షణ.

ఉత్తరం ఎవరిస్తారన్నది కూడా ముఖ్యం. ఎండీ, డీఓ (ఆస్టియోపతీ డాక్టర్), సైకియాట్రిస్టు, లైసెన్సు ఉన్న క్లినికల్ సైకాలజిస్టు ఇస్తే చెల్లుతుంది. క్యాంపస్ కౌన్సెలర్లలో చాలామంది సోషల్ వర్కర్లు, ప్రొఫెషనల్ కౌన్సెలర్లు. వారం వారం కలిసేది వాళ్లనే అయినా వాళ్ల సంతకం ఈ పనికి సరిపోదు. నర్స్ ప్రాక్టీషనర్‌దీ అంతే. సెంటర్లోని డాక్టర్ సంతకం కావాలని ముందే చెబితే ఒక వారం కలిసొస్తుంది. జబ్బు వివరాలన్నీ రాయనక్కర్లేదు. వైద్య కారణంగా ఈ సెమిస్టర్‌లో ఇన్ని క్రెడిట్లకు తగ్గించాలని సిఫారసు చేస్తున్నానంటే సరిపోతుంది.

ఇంటికి వచ్చేసి కోలుకోవాలనుకుంటే దారి వేరు. డీఎస్ఓ విత్‌డ్రాయల్‌ను ఆమోదించి నమోదు చేశాక 15 రోజుల్లో దేశం దాటాలి. ఐదు నెలల్లోపు తిరిగొస్తే పాత సెవిస్ రికార్డును తెరిపించుకునే వీలుంది. ఐదు నెలలు దాటితే కొత్త ఐ-20 కావాలి, సీపీటీ (చదువుతుండగా చేసే ఇంటర్న్‌షిప్), ఓపీటీ (డిగ్రీ తర్వాత పని అనుమతి) అర్హతకు మళ్లీ ఏడాది చదవాలి.

ఇక్కడే బీమా మెలిక కూడా ఉంది. చాలా ప్లాన్లు సెమిస్టర్‌లో మొదటి 31 రోజులు క్లాసులకు హాజరైనవాళ్లకే కవరేజీ ఉంచుతాయి. వైద్య కారణమైతే కొన్ని మినహాయిస్తాయి. జబ్బు చేసి కోర్సు మానేస్తే జబ్బుకు పనికొచ్చే బీమాయే పోవచ్చన్నమాట. డ్రాప్ చేసేముందు బీమా ఆఫీసుకూ ఒక ఈమెయిల్ పెట్టాలి. ఫీజు వాపసు తేదీలు కూడా అప్పుడే చూసుకోవాలి. మామూలు గడువు దాటినా మెడికల్ విత్‌డ్రాయల్ పిటిషన్‌తో కొంత వెనక్కి ఇచ్చే యూనివర్సిటీలు ఉన్నాయి.

పరీక్షలో అదనపు సమయం ఎవరికి

1973 నాటి రిహాబిలిటేషన్ చట్టం సెక్షన్ 504, 1990 నాటి వికలాంగుల చట్టం ఏడీఏ విదేశీ విద్యార్థులకూ వర్తిస్తాయి. చూపు, వినికిడి సమస్యలే కాదు, డిప్రెషన్, ఏడీహెచ్‌డీ, మధుమేహం, తరచూ వచ్చే మైగ్రేన్ కూడా చదువును గట్టిగా దెబ్బతీస్తుంటే దీని కిందికి రావొచ్చు. డిసెబిలిటీ సర్వీసెస్ ఆఫీసులో కాగితాలిస్తే వాళ్లు ప్రొఫెసర్‌కు ఉత్తరం రాస్తారు. అందులో ‘ఒకటిన్నర రెట్ల సమయం’ అని ఉంటుంది, జబ్బు పేరు ఉండదు. రెండు గంటల పరీక్షకు మూడు గంటలు ఇస్తారు. మార్కుల్లో సడలింపు ఉండదు, సిలబస్ తగ్గదు.

ఇది వెనక్కి వర్తించదు. ఉత్తరం అందిన రోజు నుంచే లెక్క. అయిపోయిన మిడ్‌టర్మ్‌ను మళ్లీ పెట్టించుకునే హక్కు రాదు. డిసెబిలిటీ అన్న మాట చూసి బెరుకుపడి ఆగేవాళ్లు ఈ ఒక్క కారణంతోనైనా మొదటి నెలలో వెళ్లాలి.

విద్యార్థి వద్దన్నా సెలవు మీద పంపొచ్చా

ఇది తేలని వివాదం. ఆత్మహత్య ఆలోచనలున్న విద్యార్థిని ఇంటికి పంపడమే క్షేమమని యూనివర్సిటీలు చాలాకాలం అనుకున్నాయి. వాటి భయానికి కారణం ఉంది. 2018లో మసాచుసెట్స్ సుప్రీం జ్యుడిషియల్ కోర్టు ఎంఐటీ కేసులో, విద్యార్థి ఆత్మహత్యాయత్నం గురించిగానీ ఉద్దేశం గురించిగానీ యూనివర్సిటీకి నిజంగా తెలిస్తే తగిన చర్యలు తీసుకునే బాధ్యత ఉండొచ్చని చెప్పింది. ఆ కేసులో మాత్రం ఎంఐటీది తప్పు లేదంది. విద్యార్థుల తరఫువాళ్లు దీన్ని ఇంకోలా చూస్తారు. పంపేస్తారన్న భయం ఉంటే ఎవరూ నోరు విప్పరని, అప్పుడు ప్రమాదం పెరుగుతుందని. స్టాన్‌ఫర్డ్ 2019లో, యేల్ 2023లో ఈ విషయంపై దావాలు రాజీ చేసుకుని నిబంధనలు మార్చుకున్నాయి. యేల్‌లో వైద్య కారణంతో తక్కువ కోర్సులు చదివే వీలు వచ్చింది, తిరిగి చేరడం సులువైంది. విదేశీ విద్యార్థికి సెలవంటే దేశం దాటాల్సి రావడం, కాబట్టి సెలవు కన్నా ముందు రెడ్యూస్డ్ కోర్స్ లోడ్ పరిశీలించమని అడగడంలో తప్పులేదు.

బిల్లు వచ్చాక, డిగ్రీ అయ్యాక

ముందు వచ్చే కాగితం చాలాసార్లు బిల్లు కాదు. దాని పేరు ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్స్. ఆసుపత్రి ఎంత అడిగింది, కంపెనీ ఎంత ఒప్పుకుంది, మన వాటా ఎంత అన్నది అందులో ఉంటుంది. ఆసుపత్రి బిల్లు దీనితో సరిపోలాకే డబ్బు కట్టాలి. సరిపోలకపోతే ఐటమ్ వారీ బిల్లు అడగాలి. భరించలేని మొత్తమైతే లాభాపేక్ష లేని ఆసుపత్రులకు రాతపూర్వక ఆర్థిక సహాయ విధానం ఉండి తీరాలి. మొదటి బిల్లు తేదీ నుంచి 240 రోజుల దాకా దరఖాస్తు తీసుకోవాలి. ఎవరికి ఇవ్వాలన్నది ఆ ఆసుపత్రి విధానమే చెబుతుంది. క్రెడిట్ కార్డు మీద కట్టేశాక ఈ దారి ఇరుకవుతుంది.

తిండికి ఇబ్బందైతే ఉచితంగా సరుకులిచ్చే క్యాంపస్ ఫుడ్ ప్యాంట్రీ ఉంది. స్నాప్ అనే ప్రభుత్వ ఆహార పథకం ఎఫ్-1 వాళ్లకు వర్తించదు, ప్యాంట్రీకి ఆ అడ్డంకి లేదు.

డిసెంబరులో డిగ్రీ పూర్తయినవాళ్లకు యూనివర్సిటీ బీమా సాధారణంగా జనవరితో ఆగిపోతుంది. మేలో పూర్తయినవాళ్లకు ఏడాది ప్రీమియం కట్టి ఉంటే వేసవి చివరిదాకా రావొచ్చు. ఓపీటీలో ఉద్యోగం వెదికే నెలల్లో చేతిలో ఏమీ ఉండదు. ఉన్న కవరేజీ పోయిన రోజు నుంచి 60 రోజుల్లో ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో (బీమా ప్లాన్లు కొనే ప్రభుత్వ వెబ్‌సైట్) ప్లాన్ కొనుక్కోవచ్చు. ఆ గడువు దాటితే సాధారణంగా తర్వాతి ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏటా ఎవరైనా చేరగలిగే కాలం) దాకా ఆగాలి. 2025 జూలైలో వచ్చిన చట్టం వల్ల 2027 జనవరి నుంచి ప్రీమియం సబ్సిడీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, మరికొన్ని వర్గాల వలసదారులకే మిగులుతుంది. ఎఫ్-1లో ఉన్నవాళ్లు అప్పట్నుంచి పూర్తి ధర కట్టాల్సిందే.